గీతలాయన గీసిన నీడలు

మా మరిది గీసిన మొదటి నీడలో నేను చాలా ఎండాకాలాలు నిలబడ్డాను. చెట్టు లేదు. చెట్టు నీడ మాత్రం పేవ్‌మెంటు మీద ఉంది, రంగుతో వేసింది. ఎండ మాడు మీద కొడుతూనే ఉంటుంది, చెమట కారుతూనే ఉంటుంది, అయినా బస్సు కోసం వచ్చినవాళ్ళందరూ అందులోకే వచ్చి నిలబడేవాళ్ళు. ఆకుల సందుల్లోంచి పడే వెలుతురు చుక్కలు కూడా వదిలాడు. ఆ చుక్క మొహం మీద పడుతోందని పక్కకి జరిగిన మనిషిని నా కళ్ళతో చూశాను. మొదట్లో నవ్వాను. "రంగులో చల్లదనమేమిటర్రా, మతులు పోయాయా" అన్నాను. ఆ తర్వాత నేనూ వెళ్ళి అందులోనే నిలబడ్డాను. ఆకుకూరలు వాడిపోతాయని సంచి కూడా లోపలికి లాక్కున్నాను.

మా వీధిలో అతన్ని గీతలాయన అంటారు. రిటైరయ్యేదాకా మునిసిపాలిటీలో రోడ్ల మీద తెల్లగీతలు వేసే పని చేశాడు. ఆ పని చేసిన చేత్తోనే చెట్టుకి, స్తంభానికి, కుర్చీకి, మనిషికి, దొరికినదానికల్లా నీడ గీశాడు. అతన్ని చూసి ఎక్కడెక్కడి ఊళ్ళలోనో కుర్రకారు గోడల మీద నీడలు గీయడం మొదలుపెట్టారు. ఇంత చేసినవాడు ఒక్కరి నీడ మాత్రం గీయలేదు. కట్టుకున్న పెళ్ళాం నీడ. ఆమె నోరు తెరిచి అడిగింది, ఇతను తల అడ్డంగా ఊపాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా మరిది రచ్చ గెలిచి ఇంటికొచ్చి ఓడిపోయి కూర్చున్నాడు. నేను చెప్పబోయేది ఆ గొడవే. మిగతావన్నీ దారిలో తగిలే మైలురాళ్ళు.

నేను ఆ ఇంటికి పెద్ద కోడలిగా వచ్చేసరికి అతనికింకా మీసం రాలేదు. తడికాళ్ళతో గచ్చు మీద నడిచి, ఆ పాదాల గుర్తులు ఆరిపోయేదాకా పక్కనే గొంతుక్కూర్చుని చూసేవాడు. "ఏం చూస్తున్నాడత్తయ్యా?" అంటే మా అత్తగారు "ఏమోనమ్మా, పెడితే తింటున్నాడు కదా, అంతవరకూ నయం" అనేది. చదువు అబ్బలేదు. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. వాళ్ళ కాళ్ళూ వీళ్ళ కాళ్ళూ పట్టుకుని తమ్ముణ్ణి రోడ్డు పనిలో పెట్టించాడు.

ఆ పని చూడాలంటే బళ్ళు తిరగకముందే లేవాలి. ఇద్దరు మనుషులు సుద్దపొడి పూసిన తాడు చెరో కొస పట్టుకుని బిగలాగి, మధ్యలో ఎత్తి టప్పున నేలకేసి వదులుతారు. తారు మీద సన్నటి తెల్లగీత పడుతుంది. ఆ గీత వెంట రంగు రోలరు లాక్కుంటూ మా మరిది వెనక్కి నడవాలి. ముందుకి నడిస్తే తడి తొక్కుతాడు. ఊళ్ళో రోడ్లన్నీ అలా వెనక్కే నడిచాడు. ఎక్కడికి పోతున్నాడో కనపడదు, ఎక్కడి నుంచి వచ్చాడో మాత్రం తెల్లగా కళ్ళముందు పరుచుకుని ఉంటుంది. మంచు కమ్మిన పొద్దుల్లో చూస్తే మనిషి మాయమైపోయి, గీత ఒక్కటే నేలలోంచి తనంతట తను మొలుచుకొస్తున్నట్టుండేది. నిద్రమత్తులో పాల కోసం వెళ్తూ నేను ఆగిపోయి చూసేదాన్ని.

"జీతమిచ్చి మరీ వెనక్కి నడిపిస్తున్నారు, అదృష్టజాతకుడివయ్యా" అనేదాన్ని.

"ముందుకి నడిచినవాళ్ళు ఎక్కడికి చేరారు వదినా?" అనేవాడు.

తర్వాత చిన్న కోడలొచ్చింది. అంత మెల్లగా కదిలే మనిషిని నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. మంచినీళ్ళు అడిగితే దాహం తీరాక తెచ్చేది. వచ్చిన వారానికే మా అత్తగారు ఆమెకి "నిదానం" అని పేరు పెట్టింది, అసలు పేరు ఇంట్లోవాళ్ళే మర్చిపోయారు. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకావిడ. మా ఇంట్లో నేను నవ్వేదాన్ని, నిదానం ఏడ్చేది కాదు. నేనెందుకు నవ్వానో ఆమెకి అర్థమయ్యేసరికి పొద్దుగుంకేది. కానీ పని చేతిలో పెడితే తిరుగులేదు. రెడీమేడ్ చొక్కాల కంపెనీ నుంచి మూటలు తెచ్చుకుని ఇంట్లో కూర్చుని గుండీలు కుట్టేది. ఆమె కుట్టిన చొక్కా చిరిగిపోయేది గానీ గుండీ ఊడేది కాదు. పక్కపక్క గదుల్లో, ఒకటే వసారాతో, ఇద్దరం కాపురాలు చేసుకుంటూ వచ్చాం.

రోడ్డు వెడల్పు చెయ్యాలన్నారు ఒక ఏడాది. వీధి చివర బస్సు ఆగే చోట ఆ పెద్ద చెట్టు ఉండేది. ఏం చెట్టో నాకు తెలియదు. పూలు లేవు, కాయలు లేవు, నీడ తప్ప ఇంకేదీ ఇచ్చిన పాపాన పోలేదు. కొట్టెయ్యాల్సిన చెట్లకి తెల్లరంగుతో ఇంటూ గుర్తు వెయ్యాలి. డబ్బా, బ్రష్షు మా మరిది చేతికే ఇచ్చారు. తనే వేసి వచ్చాడు.

మర్నాడు పొద్దు వాలుతుండగా కనపడకపోతే వెతుక్కుంటూ వెళ్ళాను. చెట్టు నీడ పేవ్‌మెంటు మీదికి పొడుగ్గా సాగి ఉంది. ఆ నీడ అంచు వెంబడి సుద్దముక్కతో మోకాళ్ళ మీద పాకుతున్నాడు. నీడ ఆగదు కదా, కదులుతూ ఉంటుంది. దాని వెనక ఇతను.

"ఏం చేస్తున్నావయ్యా?"

"పట్టుకుంటున్నా వదినా."

"దేన్ని?"

"దీన్నే. రేపు కొట్టేస్తారు."

"పట్టుకుంటే చెట్టుని పట్టుకోవాలి గానీ, నీడని పట్టుకుని ఏం చేస్తావు?"

"చెట్టు బరువు వదినా."

అక్కడే అరుగు మీద కూర్చున్నాను. డబ్బాలో మిగిలిన తెల్లరంగులో నలుపు కలిపాడు, చూశాడు, పెదవి విరిచాడు. ఇంకో సీసాలోంచి నీలం పోశాడు. "నీడ నల్లగా ఉండదు, చూడు" అని నా మొహం నేలకేసి వంచాడు. అంత వయసొచ్చి నేనెప్పుడూ చూడలేదు. నిజమే. నీలంగా, పల్చగా, లోపల ఏదో మెల్లగా ఊపిరి పీలుస్తున్నట్టుంది. ఎండ పోయేదాకా అతను రంగు నింపుతూనే ఉన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఇంట్లో పొయ్యి మీద పెట్టింది మాడి బొగ్గయింది.

చెట్టు పోయింది. నీడ మిగిలింది. ఆఫీసువాళ్ళు వచ్చి గీకెయ్యమన్నారు. అది రోడ్డు రంగు. ఎన్ని బళ్ళు తొక్కినా చెక్కుచెదరదని చెప్పి వాళ్ళే కొన్నది. గీకి గీకి చేతులు నొప్పెట్టి వదిలేశారు.

అది మొదలు. ఆ రోడ్డు పనిలో మా వీధిలో తీసెయ్యాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. చేతిపంపు, ఎర్ర పోస్టుడబ్బా, మంగలి తన కొట్టు బయట వేసుకున్న కుర్చీ, కరెంటు తీగలు మోసే పాత చెక్కస్తంభం. ఒక్కొక్కటే తీసే ముందు సాయంత్రం ఇతను వెళ్ళి దాని నీడ గీసేవాడు. వస్తువు మర్నాడు లారీ ఎక్కేది. నీడ దాని చోట అది పడుకుని ఉండేది.

కొన్నాళ్ళకి మా వీధి ఒక రకంగా తయారైంది. లేని తీగల నీడ దగ్గర వంగి నడిచేవాళ్ళు పొడుగు మనుషులు. లేని కుర్చీ నీడలో పిల్లి పడుకునేది, సరిగ్గా కూర్చునే చోటే. సాయంత్రం మనుషుల నీడలు వీటి మీదుగా సాగిపోతుంటే, ఏది నిన్నటిదో ఏది ఇవాళ్టిదో తెలిసేది కాదు. చేతిపంపు నీడ దగ్గరికొచ్చేసరికి నాకు నీళ్ళ చప్పుడు వినపడేది. ఎవరితోనైనా చెబితే ముసలిదానికి చెవులు పోయాయంటారని చెప్పలేదు. తర్వాత మంగలే ఒకసారి అడిగాడు, "అమ్మగారూ, మీకూ వినపడుతోందా?" అని.

"నీకు పని లేదు, నాకు పాడు లేదు" అని కసిరి వచ్చేశాను.

ఫోన్లొచ్చాక ఇది ఊళ్ళు దాటింది. ఎవరో ఫోటో తీశారు, ఇంకెవరో ఇంకెవరికో పంపారు. గుంపులు గుంపులుగా కుర్రాళ్ళు, ఆడపిల్లలు వచ్చి చెట్టు నీడలో పడుకుని ఫోటోలు తీసుకునేవాళ్ళు. ఇతన్ని మాస్టారూ అని పిలిచేవాళ్ళు. తిరిగి వెళ్ళి వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో పోతున్నవాటికి నీడలు గీసి పంపేవాళ్ళు. సినిమాహాలు మెట్లు, పడవ, ఎవరి తాతగారిదో సైకిలు. మంచు కురిసే ఊరి నుంచి ఒకమ్మాయి బెంచీ నీడ పంపింది, చుట్టూ తెల్లటి మంచు, మధ్యలో నీలంగా బెంచీ. అది చూసి మా మరిది పూటంతా ఫోను కిందపెట్టలేదు. "ఇది నాకంటే బాగా పట్టుకుంది వదినా" అన్నాడు. వాళ్ళంతా కలిసి ఏదో సభ పెట్టి ఇతన్ని స్టేజీ ఎక్కించారు. మైకు దగ్గరికెళ్ళి, "ఎండ ఉన్నప్పుడు రండి, చూపిస్తాను" అని చెప్పి దిగిపోయాడు. చప్పట్లే చప్పట్లు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళున్నారు, నీడ పేరు చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి ఇతన్నే చూశాను.

అన్నీ చప్పట్లే అనుకోకండి. ఒక కొత్త ఆఫీసు మేడవాళ్ళు పిలిచి, పెద్ద గోడ చూపించి, మీ ఇష్టమొచ్చినది వెయ్యమన్నారు. అంతకుముందు అక్కడ కూల్చేసిన పాత మేడ నీడ వేశాడు ఇతను, కిటికీలతో సహా, చాలా రోజులు కష్టపడి. అంతా అయ్యాక చూసుకుంటే అది ఉత్తరం వైపు గోడ. ఏడాదిలో చాలా నెలలు ఎండ మొహం చూడదు. ఎండ పడని చోట నీడ వేస్తే ఎలా ఉంటుంది? గోడకి చెమ్మ పట్టినట్టుంది. ఆ మేడలో పనిచేసేవాళ్ళు ప్లంబర్ని పిలిపించారు. ప్లంబరు గోడ తట్టి చూసి, లీకెక్కడా లేదని రాసిచ్చి పోయాడు. మా మరిది ఇంటికొచ్చి మూతి ముడుచుకుని పడుకున్నాడు. ఎండ గురించి అన్నీ తెలుసనుకున్నవాడు, గోడ ఎటు తిరిగి ఉందో చూసుకోలేదు. నిదానం మాత్రం పగలబడి నవ్వింది. మూడోనాడు.

ఇక టైలరు సంగతి. మా వీధి టైలరు ముచ్చటపడి తన మిషను నీడా, దాని మీద వంగిన తన నీడా కొట్టు ముందు గీయించుకున్నాడు. అప్పటికి మిషనుకీ ఏం కాలేదు, అతనికీ ఏం కాలేదు. ఏడాది తిరక్కుండా కొట్టు మూసేసి కూతురి దగ్గరికెళ్ళిపోయాడు. మోకాళ్ళ నొప్పులు, పాపం. కానీ వీధికి నోరుంది కదా. గీతలాయన ఎవరి నీడ గీస్తే వాళ్ళు ఉండరని పుట్టించారు. ఎక్కడ విన్నా అదే మాట. అప్పటిదాకా మాస్టారూ మాస్టారూ అన్నవాళ్ళు, ఇతను బ్రష్షు పట్టుకుని కూర్చుంటే అవతలి వైపు నుంచి నడిచేవాళ్ళు. వాచీలు బాగుచేసే ముసలాయనైతే ఇతన్ని చూడగానే షట్టరు సగం దించేవాడు.

"నన్నొదిలెయ్యి నాయనా, ఇంకా నాలుగు గోడగడియారాలున్నాయి చేతిలో" అనేవాడు.

"నీ నీడ నాకెందుకు తాతా, నువ్వే ఒక నీడలా ఉన్నావు" అనేవాడు మా మరిది. నవ్వుతూనే అనేవాడు గానీ, ఇంటికొచ్చాక చేతులు కడుక్కుంటూ చాలాసేపు కొళాయి దగ్గరే నిలబడేవాడు.

అప్పటికి అతను రిటైరయ్యాడు. మా ఆయన పోయి కొంతకాలమైంది. రోడ్డు పనిలోనే మా ఎదురు మేడ కూడా పోయింది, అంతకుముందెన్నడూ లేనిది సాయంత్రపు ఎండ తిన్నగా మా వసారాలోకి రావడం మొదలుపెట్టింది. కాపురానికొచ్చింది మొదలు ఆ గోడ మీద ఎండ పడగా చూడలేదు నేను. నిదానం ఆ వెలుతురు కోసం ముక్కాలి పీట వసారా అంచుకి వేసుకుని, వీధికేసి తిరిగి గుండీలు కుట్టుకునేది. ఆమె నీడ వెనక సున్నపు గోడ మీద పడేది, నా గుమ్మానికీ వాళ్ళ గుమ్మానికీ మధ్య. సూది పైకి లాగినప్పుడల్లా గోడ మీద చెయ్యి నీళ్ళలో చేపలా లేచి వంగేది. ఎండ బంగారంగా మారేకొద్దీ నీడ నీలమెక్కేది. చూస్తూ కూర్చుంటే కళ్ళు మూతలు పడేవి.

ఒక సాయంత్రం నిదానం దారం కొరికి, తల తిప్పకుండా అడిగింది.

"ఏమండీ, ఊళ్ళో పిల్లినీ కుక్కనీ గీశారు. నేనెప్పుడూ కళ్ళబడలేదా?"

మా మరిది కాఫీ గ్లాసు కిందపెట్టాడు. "నీకెందుకవన్నీ" అన్నాడు.

"గీయండి. ఈ గోడ మీద."

"గీయను."

అంతే. అటువంటి మాటలు ఆ మొగుడూ పెళ్ళాల మధ్య నేనెప్పుడూ వినలేదు. అడగడం ఆమెకి అలవాటు లేదు, కాదనడం ఇతనికి అలవాటు లేదు. మర్నాటి నుంచి మాటలు బంద్. ఉన్నది ఒక్క వసారా, మధ్యలో నేను. గోడకి చెవులుంటాయంటారు, మా ఇంట్లో గోడకి నోరు కూడా వచ్చింది, ఆ గోడ నేనే.

"అక్కా, భోజనానికి రమ్మనండి."

"వదినా, ఆకలిగా లేదని చెప్పు."

"అక్కా, ఆకలి లేకపోతే మానెయ్యమనండి, గిన్నెలు కడిగేస్తాను."

"వదినా, కడిగెయ్యమన్నానా నేను?"

"మీ ఇద్దరికీ నేనేమన్నా రేడియోనా?" అని ఒకరోజు తలుపేసుకున్నాను. అవతల ఇద్దరూ చప్పుడు చెయ్యకుండా తిన్నారు.

అయితే ఇది అలిగి ఊరుకునే వ్యవహారం కాదని నాకు తొందర్లోనే తెలిసింది. ఆ చలికాలంలో మా మరిది చెయ్యి వణకడం మొదలైంది. ముందు గ్లాసులో కాఫీ తొణికింది. తర్వాత చొక్కా గుండీ పట్టలేకపోయాడు. డాక్టరు మందులిచ్చాడు, నెమ్మదిగా ఎక్కువవుతుంది గానీ తగ్గదన్నాడు. ఎన్ని మైళ్ళు లాగినా అంగుళం వంకరపోని గీత లాగిన చెయ్యి అది. నిదానం ఆ చేతినే చూస్తూ ఉండేది. ఆ చెయ్యి ఆగిపోయేలోగా తన నీడ గోడెక్కాలి. లేకపోతే ఇక లేదు. ఆ సంగతి ఆమెకి తెలుసు, అతనికి తెలుసు, రేడియోకి కూడా తెలుసు.

నేనే కూర్చోబెట్టి అడిగాను. నిదానం లోపల గిన్నెలు సర్దుతోంది.

"ఏమయ్యా, నువ్వు గీస్తేనే అవన్నీ పోయాయా? వీధివాళ్ళు కూసిన కూతలు నువ్వూ నమ్ముతున్నావా?"

"నమ్మడం లేదు వదినా."

"మరి?"

చేతిని మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు, వణుకు కనపడకుండా. "నేను గీసినందుకు పోలేదు. పోతాయని తెలిసి గీశాను. చెట్టు దగ్గర్నుంచీ అంతే. నా చేతికి వచ్చిన పని అదొక్కటే. ఇప్పుడు దీన్ని గీశాననుకో, ఇదీ పోతుందని నేను ఒప్పుకున్నట్టు కాదూ? ఆ చెట్టుకి ఇంటూ గుర్తు వేసిన చెయ్యి ఇది."



లోపల గిన్నెల చప్పుడు ఆగింది. విన్నదన్నమాట. వచ్చి ఏమన్నా అంటుందేమోనని చూశాను. రాలేదు. నిదానం కదా, మర్నాడు సాయంత్రానికి వచ్చింది జవాబు. పీట తెచ్చి వసారా అంచుకి వేసుకుని, సూదిలో దారమెక్కించి, నాతోనే చెప్పింది, అతను పక్కనే ఉండగా.

"అక్కా, నేను పోతానని ఒప్పుకోవడం ఆయనకి కష్టంగా ఉంది. సరే. నేనున్నానని ఒప్పుకోవడానికేం కష్టం? అన్నిటినీ పోయేముందు గీశారు. నన్ను ఉండగా గీయమనండి."

ఇంతకాలంలో అంత పెద్ద మాట ఆమె నోట విన్లేదు నేను. ఒకసారి వెనక్కి తిరిగి మా మరిది మొహం చూశాను. వీధిలో ఎండ మెత్తబడుతోంది. గోడ మీద ఆమె నీడ అప్పుడే నిండుగా పడింది, మెడ వంపు, జారిన ముడి, ఒళ్ళో చొక్కా కుప్ప. అతను లేచి లోపలికి వెళ్ళి, సుద్దముక్క తెచ్చుకున్నాడు.

మొదటి రోజు మెడ దాకా వచ్చాడు. చెయ్యి వణికి గీత అలల్లా పడింది. తుడవబోతే నేనొద్దన్నాను. వణికే అంచుతో ఆ నీడ గాలి తగిలిన ఆకులా ఉంది, ప్రాణమున్నట్టు. ఎండ దాటిపోయింది. మిగతాది రేపన్నాడు.

రెండోరోజు నీడ నిన్నటి గీతకి కలవలేదు. కొంచెం పక్కన పడింది.

"నిన్న ఇక్కడ లేవే" అన్నాడు. మాటలు కలిశాయని ఇద్దరికీ గుర్తు లేదు.

"ఎండ జరిగుంటుంది" అంది నిదానం.

ఎండ రోజూ కాస్త జరిగే మాట నిజమే. మళ్ళీ భుజం దగ్గర్నుంచి గీసుకొచ్చాడు. మూడోరోజు ఇంకొంచెం పక్కన. నిన్న నడుము దాకా వచ్చింది ఇవాళ వేరే మనిషి నడుముకి అతుక్కుంది. ఇలా వారాలు గడిచాయి. గోడ మీద ఒకావిడ ఒళ్ళోంచి ఇంకొకావిడ, ఆవిడ భుజంలోంచి మరొకావిడ, అందరూ నిదానాలే, తలలు వంచుకుని వరసగా కూర్చుని గుండీలు కుట్టుకుంటున్నారు. కొందరికి చేతులు లేవు, కొందరికి మొహమే ఉంది. ఎవరూ పూర్తి కాలేదు. పాత శిష్యులు కొందరు చూడ్డానికొచ్చి, వేళ్ళతో ఆ వణికిన అంచులు తడిమి చూసి వెళ్ళారు. ఇప్పుడు వాళ్ళూ అలాగే వణికిస్తున్నారట గీతలు. వాళ్ళ చేతులకేం రోగమో.

నాకు అనుమానమొచ్చింది. ఎండ అంత జరగదు. ఇతని పక్కన ఇంతకాలం కూర్చున్నాక ఆ మాత్రం నాకూ తెలుసు. ఒకరోజు తలుపు వారగా నిలబడి చూశాను. అతను వెనక్కి తిరిగి రంగు కలుపుకుంటున్నాడు. నిదానం వచ్చింది, కూర్చోబోతూ కాలి మడమతో పీటని బెత్తెడు నా గుమ్మం వైపు జరిపింది. కూర్చుంది. ఏమీ ఎరగనట్టు సూది తీసింది. ఈ మనిషి అంత చురుగ్గా కదలడం అదే చూడ్డం.

గీయమని అడిగింది తనే, అవకుండా చూస్తున్నదీ తనే. సరే, నాకెందుకని ఊరుకున్నాను. నాలుగు రోజులాగి, నిదానం కత్తెర కోసం లోపలికెళ్ళింది. మా మరిది వీధి అటూ ఇటూ చూశాడు. వణికే చేత్తో పీట పట్టుకుని ఇంకో బెత్తెడు జరిపాడు. వచ్చి తన చోట కూర్చున్నాడు. ఆమె తిరిగొచ్చి, పీటకేసి చూసి, ఎక్కడుంటే అక్కడే కూర్చుంది.

"ఇవాళ కూడా కలవలేదా?" అంది.

"లేదు. ఎండ జరిగింది" అన్నాడు.

నేను లోపలికెళ్ళి నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వాను. నవ్వి, కళ్ళు తుడుచుకున్నాను. ఆమె జరిపేది అతనికి తెలుసో లేదో నేనడగలేదు. అతను జరిపేది ఆమెకి తెలుసో లేదో అదీ అడగలేదు. ఇద్దరూ ఒకే వైపుకి తోస్తున్నారు కాబట్టే గోడ అంత తొందరగా అయిపోతోంది.

మొన్నటికి ఆఖరి నిదానం భుజం నా గుమ్మం చట్రానికి తగిలింది. అతను సుద్దముక్క పట్టుకుని ఆగిపోయాడు. ఆమె సూది ఆపింది. ఇద్దరూ నా వైపు చూడకుండా నా తలుపు వైపు చూశారు.

నా తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. నాకు గాలాడాలి, వీధి కనపడాలి, ఎవరెటు పోతున్నారో తెలియాలి. వీళ్ళ ముద్దుమురిపాల కోసం తలుపేసుకుని చీకట్లో కూర్చోవడం నా వల్ల కాదు. ఆ మాటే అన్నాను. అనేసి లేచి, రెండు రెక్కలూ దగ్గరికి లాగి, బయట గొళ్ళెం పెట్టి, వసారాలోనే నేల మీద కూర్చున్నాను.

"చెక్క మీద రంగు బాగానే పడుతుంది" అన్నాను. "తొందరగా కానీ. ఎండ పోతోంది."

ఇప్పుడు రోజూ ఆ వేళకి తలుపేస్తున్నాను.